కాగితంలో లేని సారా వాసన

మా వరస క్వార్టర్లలో ఎవరికి ఏ అర్జీ కావాలన్నా నేనే రాసేదాన్ని. సెలవు కావాలని, పైకప్పు కారుతోందని, బదిలీ ఆపమని, ఒప్పుకోరని తెలిసీ రైలు పాసులో అత్తగారి పేరు ఎక్కించమని. ఇంగ్లీషు మీడియంలో చదివిన పాపానికి పదమూడో ఏటే నాకీ కొలువు దక్కింది. వాళ్లు మా అరుగు మీద కూర్చుని తెలుగులో చెప్పేవాళ్లు, మధ్యలో కాస్త ఏడ్చేవాళ్లు. నేను ఏడుపు తీసేసి మిగతాది ఇంగ్లీషులో పెట్టేదాన్ని. ఆఫీసు వాళ్లు చదివే కాగితంలో ఏది ఉండాలో ఏది ఉండకూడదో నాకు బాగా తెలుసని ఖరగ్‌పూర్‌లోని మా రైల్వే కాలనీ ట్రాఫిక్ సెటిల్మెంటులో అందరికీ నమ్మకం. అందరికంటే ఎక్కువ నమ్మకం నాకే. పంతొమ్మిదో ఏట ఆ నమ్మకంతోనే మా నాన్న చావు గురించి ఒక కాగితం రాశాను.

నాన్న రైల్వే వర్క్‌షాపులో టర్నర్. తాతయ్య కాలంలోనే శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి స్థిరపడిన క్రైస్తవ కుటుంబం మాది. ఆ తాతయ్య తాగి తాగి నలభై నిండకుండానే పోయాడట. అందుకని నాన్నకి సారా అంటే భయం కాదు, పగ. దగ్గు మందు కొన్నా సీసా నా చేతికిచ్చి, అందులో ఏమేం కలిపారో చదవమనేవాడు. ఆల్కహాల్ అన్న మాట కనిపిస్తే దగ్గుతూనే తిరిగిచ్చి వచ్చేవాడు. చర్చిలో ద్రాక్షరసం పుచ్చుకునే ముందు కూడా అది ఒట్టి పళ్లరసమేనా అని కనుక్కుంటాడని అమ్మ వేళాకోళం చేసేది. జీతాల రోజున వర్క్‌షాపు గేటు దాటగానే సగం మంది సారా కొట్టు వైపు మళ్లితే, మా నాన్న ఆ గాలి కూడా తగలకుండా చుట్టుదారిన సైకిలు తొక్కేవాడు. తోటివాళ్లు ‘పాస్టరుగారు ఎల్తన్నారు, తప్పుకోండ్రా’ అని ఆట పట్టించేవారు. నాన్న ఆ పేరు నచ్చనట్టే ఉండేవాడు గానీ, లోలోపల కాస్త నచ్చేది కూడా.

ఎనభైల చివర్లో కొత్త మోటారు చట్టం వచ్చింది. అది వచ్చిన మరుసటి ఏడు, ఒక జీతాల రోజు సాయంత్రం నాన్న పోయాడు. షిఫ్టు అయిపోయి సైరన్ కూసి, వందల సైకిళ్లు గేటులోంచి బయటపడ్డాక, ఆయన ఎప్పటిలా తన చుట్టుదారి పట్టాడు. వెనకాల ఇరవై గజాల దూరంలో మా పక్క క్వార్టర్ పెదనాన్న వస్తున్నాడు. వరసకే పెదనాన్న, రక్త సంబంధం లేదు. నాన్న కంటే ఐదారేళ్లు పెద్ద, ఆ షాపులోనే ఫిట్టరు, చర్చిలో పెద్దమనిషి. నాన్న పనిలో చేరిన రోజు నుంచీ ఇద్దరిదీ ఒకటే దారి.

జరిగింది ఆయన చెప్పగా విన్నదే. ఎదురుగా ఇసక దింపేసిన చిన్న లారీ ఒకటి ఈ పక్కకీ ఆ పక్కకీ ఊగుతూ వచ్చింది. నాన్న సైకిలు దిగి రోడ్డు వారకి జరిగి నిలబడ్డాడు. లారీ ఆ వారకే వచ్చింది. డ్రైవరు నిమ్‌పురా వైపు ఉండే మన తెలుగువాడే, ఒక రిటైరైన గ్యాంగ్‌మన్ కొడుకు. గుద్ది పారిపోయేవాళ్లను చూశాం గానీ, ఇతను వెంటనే పారిపోలేదు. తూలుకుంటూ దిగి, రోడ్డు మీద చతికిలబడి, నాన్న తలని ఒళ్లో పెట్టుకుని ‘బాబాయ్, బాబాయ్’ అంటూ ఏడ్చాడు. ఏడుస్తూనే సీటు కిందనుంచి తీసిన సీసాలో మిగిలిన సారా నాన్న నోట్లో పోశాడు.

ఇది వినడానికి వింతగా ఉండొచ్చు. షాపుల్లో పనిచేసేవాళ్లకి వింత కాదు. ఎవరి చెయ్యి నలిగినా, ఎవరు పైనుంచి పడినా, ముందు రెండు గుక్కల బ్రాందీ గొంతులో పోస్తే ప్రాణం నిలబడుతుందని వాళ్లకి గట్టి నమ్మకం. డ్రైవరుకి ఆ నమ్మకం వాళ్ల నాన్న దగ్గర్నుంచి వచ్చి ఉంటుంది. పెదనాన్నకీ ఉంది.

“నాను వద్దన్నేదమ్మా,” అన్నాడాయన అమ్మతో, ఆ రాత్రి కాదు, చాలా రోజుల తరవాత. “ఊపిరి నిలబడతాదేమో అనుకున్నాను. నోరు నానే తెరిసి పట్టుకున్నాను.”

రైల్వే ఆస్పత్రికి మేము చేరేసరికి అంతా అయిపోయింది. అమ్మ పాదాల దగ్గర కూలబడింది. నేను మొహం దగ్గరికి వంగాను. గుప్పున సారా వాసన కొట్టింది. ఏడుపు కంటే ముందు నాకు వచ్చిన ఆలోచన, నాన్నకి ఇది తెలిస్తే ఎంత బాధపడతాడో కదా అని. చీర కొంగు తడిపి మూతి తుడవమని అమ్మకి చెప్పాను. అమ్మ తుడిచింది. అప్పటికే డాక్టరు చూసి రాసుకోవలసింది రాసుకుని వెళ్లిపోయాడని మాకు తెలియదు.

జనం పోగై కొడతారన్న భయంతో డ్రైవరు ఆ గందరగోళంలో తప్పించుకున్నాడు. మర్నాడు పొద్దున్న స్నానం చేసి, ఉతికిన చొక్కా వేసుకుని ఠాణాకి వెళ్లి లొంగిపోయాడు. అప్పటికి అతని నోట్లో వాసన ఏముంటుంది. రక్తం తీసి పరీక్ష చెయ్యమని అడిగినవాళ్లు లేరు. కళ్లారా చూసిన మనిషి ఎవరైనా ఉంటే కాగితం మీద రాసి తెమ్మని ఠాణా పెద్ద దారోగాబాబు కబురు పెట్టాడు.

మూడో రోజు మా ముందుగదిలో పెదనాన్న చాప మీద కూర్చున్నాడు. నేను అట్ట మీద ఫూల్‌స్కేప్ కాగితం పెట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. అమ్మ వంటింటి గుమ్మానికి చేరబడి ఉంది. ఆయన చెప్పాడు, నేను రాశాను. లారీ ఊగుతూ వచ్చిందని, డ్రైవరు తాగి ఉన్నాడని, సీసాలోది నాన్న నోట్లో పోశాడని, అన్నీ రాశాను. చివరికొచ్చాక ఒకసారి చదివి వినిపించమన్నాడు. విన్నాడు. మోకాలు రాసుకున్నాడు.

“తాగినాడని తీసీ అమ్మీ,” అన్నాడు.

“అదేంటి పెదనాన్నా? తాగే కదా గుద్దాడు.”

“తాగినాడని రాస్తే కంపెన్సేషన్ రాదు. పైసా రాదు. ముప్పై ఏళ్లు షాపులో సూసినాను. తాగి ఉన్నాడని డాక్టరు ఒక్క ముక్క రాసినాడంటే ఆడికి సెయ్యి తెగినా సిల్లిగవ్వ ఇవ్వరు. రూలు.”

ఆ రూలు నిజమే. షాపులో మనిషి తాగి మిషను మీద పడి గాయపడితే నష్టపరిహారం ఉండదు. దెబ్బ తిన్నవాడు తాగితే వర్తించే ఆ రూలుని పెదనాన్న దెబ్బ కొట్టినవాడికి తగిలించాడు. వర్క్‌షాపు గోడ లోపలి రూలే లోకానికంతా రూలు అనుకునే మనుషులం మేమంతా. నేనూ అదే అనుకున్నాను. తాగుడు అన్న మాట కాగితంలో ఉంటే డబ్బు ఆగిపోతుందన్నది మా కాలనీలో పసిపిల్లలకి కూడా తెలుసు.

గుమ్మం దగ్గర్నుంచి అమ్మ అడిగింది. “రాయకపోతే ఆడు ఒదిలిపోతాడా బావగారూ?”

“ఎక్కడికి ఒదుల్తాడమ్మా. గుద్దినాడని కేసు ఉంటాది. తాగినాడన్నదే ఉండదు. ఇన్సూరెన్సోళ్లు డబ్బులిస్తారు. గుంట సదువుంది, గుంటడి సదువుంది.”

అమ్మ పక్కనే ఉన్న నా తమ్ముడి వైపు చూసింది, నా వైపు చూసింది. “మీరెలగంటే అలగే,” అంది.

కొత్త కాగితం తీసుకున్నాను. తాగిన సంగతి తీసేస్తే సీసా సంగతి కూడా తీసెయ్యాలి కదా, సీసా ఎక్కణ్ణుంచి వచ్చిందంటారు. అదీ తీసేశాను. నిజం చెప్పాలంటే నాకు ఆ పని ఇష్టంగానే ఉంది. మొదటిదానికంటే రెండో కాగితం పొట్టిగా, నీట్‌గా, ఎక్కడా అడ్డదిడ్డం లేకుండా వచ్చింది. పెదనాన్న సంతకం చేశాడు. మొదటి కాగితాన్ని అమ్మ పొయ్యిలో పడేసింది.

మేదినీపూర్‌లో జిల్లా కోర్టు ఉంది. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ అక్కడే కూర్చునేది. ఖరగ్‌పూర్‌లో పాసెంజరు ఎక్కితే, కసాయి నది వంతెన దాటగానే దిగిపోవడమే. మాకు కుదిరిన వకీలు ఒక బెంగాలీ పెద్దాయన, ఎప్పుడూ నోట్లో పాను ఉంటుంది, అందువల్ల తక్కువ మాట్లాడతాడు. పెదనాన్న ఇచ్చిన కాగితాన్నే ముందు పెట్టి దరఖాస్తు వేశాడు. తప్పు ఎవరిదన్నది తేలకముందే ఇచ్చేసే పాతిక వేలు కొన్నాళ్లకి వచ్చాయి. కొత్త చట్టంలో అది మంచి ఏర్పాటు. ఈలోగా అమ్మకి నాన్న బదులు రైల్వే ఆఫీసులో ప్యూన్ ఉద్యోగం ఇచ్చారు. క్వార్టరు నిలబడింది. అమ్మ ఖాకీ రంగు బోర్డరు చీర కట్టుకుని ఫైళ్లు మోసేది. సాయంత్రం ఇంటికొచ్చి, ఫైళ్ల మీద దుమ్ము గురించి తప్ప ఇంకేమీ చెప్పేది కాదు.

రెండేళ్లు వాయిదాలతో గడిచాక ఒకరోజు ఇన్సూరెన్సు కంపెనీ వకీలు లేచాడు. కుర్రవాడు, చక్కగా మాట్లాడతాడు. ఆయన చేతిలో ఆస్పత్రి కాగితం ఉంది. మృతుడి నోట మద్యం వాసన ఉందని డాక్టరు రాశాడని చదివాడు. ఆ రోజు జీతాల రోజు అన్నాడు. వర్క్‌షాపు కార్మికులు జీతాల రోజు ఏం చేస్తారో ఈ ఊళ్లో అందరికీ తెలిసిందే అన్నాడు. తాగిన మనిషి సైకిలు మీద తూలుతూ లారీకి అడ్డం వచ్చాడన్నాడు. డ్రైవరు తాగాడని మాత్రం ఎవరూ ఎక్కడా అనలేదు, కళ్లారా చూసిన సాక్షి కూడా అనలేదు అన్నాడు. అని, నేను రాసిన కాగితం ఎత్తి చూపించాడు.

అమ్మకి బజారు బెంగాలీ వచ్చు. కోర్టు బెంగాలీ అంతా అర్థం కాదు. నా మోచెయ్యి పట్టుకుని అడిగింది.

“ఎవులు తాగినారంటన్నాడే?”

“నాన్న.”

అమ్మ నవ్వింది. గట్టిగానే నవ్వింది. బంట్రోతు ఇటు తిరిగి చూశాడు. మా నాన్న తాగాడన్న మాటకి ఆ ఊళ్లో ఆయన్ని ఎరిగినవాళ్లెవరైనా అలాగే నవ్వుతారు. అక్కడ ఆయన్ని ఎరిగినవాళ్లు మేమిద్దరమే. తరవాత నా మొహం చూసి, ఇది నవ్వులాట కాదని అర్థమై, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

బయటికొచ్చాక మా వకీలు పాను ఉమ్మేసి మరీ మాట్లాడాడు. ఆ వాసన ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగాడు. చెప్పాను. మరి కాగితంలో ఎందుకు లేదన్నాడు. డ్రైవరు తాగాడని రాస్తే డబ్బు రాదని తీసేశాం అన్నాను.

“ఎవరు చెప్పారు మీకు?”

“వర్క్‌షాపు రూలు,” అన్నాను.

“డ్రైవరు తాగినా, తాగకపోయినా చచ్చినవాడి ఇంటికి కంపెనీ కట్టి తీరాలి. వాళ్లకీ లారీ యజమానికీ ఏముంటే అది వాళ్లు వాళ్లు తేల్చుకుంటారు. తాగి నడిపినందుకు డ్రైవరుకి ఆరు నెలల జైలో, రెండు వేల జరిమానానో, రెండూనో పడేవి. అది వేరే సంగతి. నువ్వు కాలేజీలో చదువుతున్నావు కదమ్మా, ఒక్కసారి వచ్చి నన్ను అడగలేకపోయావా?”

ఇప్పటికీ ఆ ప్రశ్న తలుచుకుంటే చెవులు వేడెక్కుతాయి. మేము అబద్ధం ఆడింది పాపమే అనుకోండి, కానీ దమ్మిడీకి పనికిరాని పాపం. డ్రైవరు మీద నుంచి తుడిచేసిన సారాని నా చేత్తో తీసుకెళ్లి నాన్న మీద పోశాను. సారా పోసింది ఇద్దరం, అతను ఒకసారి, నేను ఒకసారి. అతను కనీసం బతికించుకుందామని పోశాడు.

కంపెనీ వాళ్లు రాజీకి పిలిచారు. తప్పు చెరి సగం అని ఒప్పుకుని సంతకం పెడితే, సగం డబ్బు నెల్లాళ్లలో ఇచ్చేస్తామన్నారు. వకీలు తీసుకోమన్నాడు. పెదనాన్న తీసుకోమన్నాడు. ఆయన భయం ఆయనది. ఇంకో ఏడు నెలల్లో రిటైర్‌మెంటు, సంతకం పెట్టిన మాటని కోర్టులో కాదంటే తన మీదే కేసు పెడతారని, గ్రాట్యుటీ ఆపేస్తారని ఎవరో చెప్పారట. మళ్లీ ఎవరో చెప్పారు!

“పోనోడు పోనాడమ్మా. ఆ సగమైనా పిల్లలకి దక్కనీ,” అన్నాడు మా అరుగు మీద కూర్చుని.

“ఏ సగం తాగినాడు బావగారూ మీ తమ్ముడు?” అంది అమ్మ. గొంతు పెంచలేదు. “పై సగమా, కింద సగమా? సగం తాగినాడని నాను సంతకం ఎట్టాల. ఎట్టి, ఆ డబ్బుతో అన్నం ఒండి ఈళ్లకి ఎట్టాల.”

నేను కూడా అమ్మ పక్షాన లేను. ఇది దాచుకోవాలని ఉంది గానీ దాచను. తీసుకుందాం అమ్మా అన్నాను. కోర్టులో కాగితం ముక్క మీద ఏం రాస్తే నాన్నకేమిటి, ఆయన ఎలాంటివాడో మనకి తెలుసు కదా అన్నాను. నిజానికి నా భయం వేరు. కేసు సాగితే ఆ చేతిరాత ఎవరిదని అడుగుతారు. అమ్మ చేట ముందుకి లాక్కుంది. బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చుంది. ఆ రాత్రి అన్నంలో ఒక్క రాయి తగల్లేదు.

తరవాతి వాయిదాకి అమ్మ వకీలుతో ఒకటే మాట చెప్పింది. తను బోనెక్కి మాట్లాడతానని. ఆయన వద్దన్నాడు, చూడని మనిషి సాక్ష్యానికి విలువ లేదన్నాడు, అబద్ధం ఒప్పుకుంటే కేసంతా కూలిపోవచ్చన్నాడు. అమ్మ తల ఊపింది. తల ఊపిందంటే ఒప్పుకుందని ఆయన అనుకున్నాడు, మా అమ్మ సంగతి తెలియక.

జడ్జిగారు ముసలాయన, కళ్లజోడు నుదుటి మీదికి ఎత్తుకుని చూసేవాడు. అమ్మ ఆఫీసు చీరలోనే వెళ్లింది, సగం పూట సెలవు దొరికింది కనక. బెంగాలీలో మొదలుపెట్టింది. మా ఆయన జీవితంలో తాగలేదు అంది. డ్రైవరే తాగాడు, ఆ సీసాలోదే మా ఆయన నోట్లో పోశాడు అంది. అది పోసేటప్పుడు చూసిన మనిషి ఈ గదిలోనే ఉన్నాడంది. పెదనాన్న వెనక బల్ల మీద తల దించుకుని కూర్చున్నాడు. కంపెనీ వకీలు లేచి, మరి రెండేళ్ల నుంచి ఎందుకు చెప్పలేదన్నాడు. ఆ ప్రశ్న దగ్గర అమ్మకి బెంగాలీ చాల్లేదు. కాస్త తడుముకుని, నా వైపు తిరిగి తెలుగులో అంది. జడ్జిగారు నన్ను లేచి అనువాదం చెయ్యమన్నారు.

“మేమే దాసినామని సెప్పు. డబ్బు రాదని దాసినామని సెప్పు. మా ఇంట్లోనే రాసినాం, నానే సరే అన్నాను, నా ముందరే రాసినారని సెప్పు. అది తప్పే. నా అబద్ధానికి ఎంత కటింగ్ ఎయ్యాలో ఏసుకోమను. మీ నాన్నకి మాత్రం ఒక్క పైసా కటింగ్ ఎయ్యద్దని సెప్పు.”

కటింగ్ అంటే మా రైల్వే ఇళ్లలో జీతం చీటీలో కోసేసే డబ్బు. ఆ మాటని బెంగాలీలో ఏమనాలో తెలియక అలాగే చెప్పాను. జడ్జిగారికి అర్థమైంది. ఎవరు రాశారో అమ్మ చెప్పలేదని నేను గమనించాను. రాసినాం అంది, రాసినారంది, నా పేరు రానివ్వలేదు. అక్కడితో కూర్చుంటే సరిపోయేది. కానీ బోనులో అమ్మ అలా ఒక్కతే నిలబడి ఉంటే నా మీద నాకే రోత పుట్టింది.

“ఆ కాగితం రాసింది నేను,” అన్నాను. “ముందు నిజమే రాశాను. తరవాత తీసేశాను.”

జడ్జిగారు కళ్లజోడు దించుకున్నారు. ఒక తెల్ల కాగితం ఇప్పించి, పాత కాగితంలోని రెండు వాక్యాలు చదివి, అవే రాయమన్నారు. రాశాను. రెండూ పక్కపక్కన పెట్టి చూశారు. ఆ తరవాత, తీసేసిన వాక్యాలు కూడా గుర్తుంటే రాయమన్నారు. రెండున్నరేళ్ల కిందటివి, ఒక్క మాట పోకుండా గుర్తున్నాయి. రాసిచ్చాను.

అప్పుడు పెదనాన్నని పిలిచారు. ఆయన బోను దాకా నడిచిన నడక చూస్తే నాకు జాలి వేసింది, కోపం కూడా వేసింది. కంపెనీ వకీలు సంతకం చూపించి ఇది మీదేనా అన్నాడు. నాదే అన్నాడు. ఇందులో ఉన్నదంతా నిజమేనా అన్నాడు. పెదనాన్న బోను కర్ర పట్టుకున్నాడు. ఆ గ్రాట్యుటీ ఆయన కళ్లముందు ఎలా కదులుతోందో నాకు కనిపిస్తూనే ఉంది.

“ఉన్నది నిజమే బాబూ,” అన్నాడు చివరికి, తన హిందీలో. “లేనిదే ఎక్కువ. డ్రైవరు తాగి ఉన్నాడు. మా వాడు తాగలేదు. సైకిలు దిగి వారగా నిలబడి ఉన్నాడు. అతను సారా పోస్తుంటే మా వాడి దవడలు తెరిచి పట్టుకున్నది ఈ చేతులే.” అని రెండు చేతులూ ముందుకి చాపాడు. మమ్మల్నెవరినీ చూడలేదు.

ఆయన మీద ఏ కేసూ పెట్టలేదు. గ్రాట్యుటీ ఎవరూ ఆపలేదు. డ్రైవరు విషయానికొస్తే, వేరే కోర్టులో అతని కేసు అప్పటికే ముగిసింది. తాగుడు మాటే లేని కేసు కాబట్టి కొద్ది నెలల శిక్షతో బయటపడి, మళ్లీ ఏదో బండి నడుపుతున్నాడని విన్నాం. మా నిజం అతని దాకా వెళ్లడానికి ఆలస్యమైపోయింది. ఒకసారి గోల్‌బజార్‌లో నాకు ఎదురుపడి చేతులు జోడించాడు. నేను మొహం తిప్పుకుని వెళ్లిపోయాను. అందరూ క్షమించమని చెప్పే చర్చిలో పెరిగిన దాన్నే, అయినా అతని మీద నా కోపం పోలేదు. అందులో నాకు చెందవలసిన కోపం కూడా కొంత కలిసి ఉందేమో.

తీర్పు వచ్చిన రోజు అమ్మ పెద్ద సాహెబు ఆఫీసులో ఏదో తనిఖీ అని రాలేకపోయింది. నేనే మేదినీపూర్ వెళ్లాను. వకీలు నకలు తీసి ఇచ్చాడు. ఏడు పేజీలు. తిరుగు రైల్లో చదువుకుంటూ వచ్చాను. స్టేషన్లో దిగి నేరుగా అమ్మ ఆఫీసుకి వెళ్లాను. మధ్యాహ్నం టీ వేళ. వరండాలో బల్ల మీద కూర్చుని గ్లాసులు కడిగి బోర్లిస్తోంది. నన్ను చూసి చేతులు తుడుచుకుంది. ఎంత వచ్చిందని అడగలేదు.

“మీ నాన్నకి ఏటైనా కోసినారా?” అంది.

“లేదమ్మా. నాన్న తప్పు ఏమీ లేదని రాశారు. నోట్లో ఉన్నది తరవాత పోసిందేనని రాశారు. నాన్నకి ఒక్క పైసా కొయ్యలేదు.”

“అలగే రాసి ఉందా?”

కాగితం తీసి ఆ వాక్యం మీద వేలు పెట్టి ఇంగ్లీషులో చదివాను, తెలుగులో చెప్పాను. అమ్మ ఆ వాక్యం మీద తన వేలు కూడా ఆనించింది. తడి ఇంకా ఆరలేదు, అక్షరాల మీద చిన్న మరక పడింది.

“మరి మనకి?”

“మనకి కోశారు. నిజం దాచిన కాలానికి వడ్డీ లేదన్నారు. దరఖాస్తు వేసిన రోజు నుంచి నువ్వు బోనెక్కిన రోజు దాకా వడ్డీ మొత్తం పోయింది.”

“అదెంతవుద్ది?”

రైల్లోనే లెక్క కట్టుకున్నాను. “దగ్గర దగ్గర నీ రెండేళ్ల జీతం.”

అమ్మ తల ఊపింది. మిగిలిన రెండు గ్లాసులూ కడిగి బోర్లించింది. లోపల ఎవరో గంట కొడితే ‘ఆయీ సాబ్’ అని కేకేసి లేచి, కొంగు సర్దుకుని, రెండడుగులు వేసి ఆగింది.

“సవగ్గానే ఒగ్గీసినారు,” అంది. “మీ నాన్నయితే మనల్ని ఇంత సవగ్గా ఒగ్గీసీవోడు కాడు.”